హాసిమ్ చేతిలో మచ్చుకత్తి

ఆదివారం ఆరాధన ముగించుకుని వచ్చి యోసినా పెరట్లో చేపలు కాలుస్తుంటే, కూతురు రికా ఫోన్ పట్టుకుని వచ్చింది. పిల్ల ముఖంలో నెత్తురు చుక్క లేదు. "అమ్మా, ఇది చూడు" అని ఫోన్ చేతికిచ్చి పక్కన కూలబడింది.

ఫోన్‌లో మొదట యోసినాయే కనిపించింది. నల్ల గౌను, మెడలో సిలువ, కళ్ళ నిండా నీళ్ళు. "నా మొగుణ్ణి చర్చి మెట్ల మీదే నరికేశారు" అంటోంది. నిజమే, అన్నది. ఆ వెంటనే, "హాసిమ్ మచ్చుకత్తితో గుమ్మంలో నిలబడ్డాడు. నన్నూ చంపేస్తాడనుకున్నా" అంటోంది. అదీ అన్నదే. అంతలో హాసిమ్ వచ్చాడు. తెల్ల టోపీ, తెల్ల గడ్డం, పైకెత్తిన చేతిలో మచ్చుకత్తి, నవ్వు లేని ముఖం. వెనక గుండెలు అదిరేలా డప్పులు. కింద అక్షరాలు: హంతకులు ఇప్పటికీ పక్క ఊళ్ళోనే తిరుగుతున్నారు.

అంతే. అక్కడితో అయిపోయింది. యోసినా మళ్ళీ మొదటినుంచి చూసింది. మిగతాదంతా ఎక్కడో ఉండే ఉంటుందని మూడోసారీ చూసింది. పొయ్యి మీద చేపలు మాడి బొగ్గయ్యాయి. ఆ వీడియోని అప్పటికే నలభై వేలమంది చూశారట. పుణ్యం కట్టుకున్నవాళ్ళెవరో ఇక్కడి భాషలో అక్షరాలు పెట్టి అంబన్ దీవి అంతా తిప్పుతున్నారట.

హాసిమ్ ఆమెకి అన్న. ఒక కడుపున పుట్టకపోయినా అంతకంటే గట్టి అన్న. వీళ్ళ హతులేసి క్రైస్తవుల ఊరు, వాళ్ళ వైమొరాంగ్ ముస్లింల ఊరు. రెండు ఊళ్ళ పెద్దలూ ఎప్పుడో ఒకే చిప్పలో కల్లు పోసి, వేళ్ళు కోసి నెత్తురు కలుపుకు తాగి, అన్నదమ్ములమని ఒట్టు పెట్టుకున్నారు. దాన్నే పెలా అంటారు. వీళ్ళ పిల్లనీ వాళ్ళ పిల్లాణ్ణీ పెళ్ళికి కలపరు. వీళ్ళ చర్చి కప్పుకి నడి దూలం వాళ్ళు మోసుకొస్తారు, వాళ్ళ మసీదుకి వీళ్ళు మోసుకెళతారు. అన్నిటికంటే ముఖ్యం, పెలాలో ఒకరు "నేనడుగుతున్నాను" అంటే రెండోవాళ్ళు కాదనడానికి లేదు. కాదంటే వంశానికి తగులుతుందని భయం.

ఇరవై రెండేళ్ళ కిందట క్రైస్తవులకీ ముస్లింలకీ గొడవలై దీవి తగలబడిన రోజుల్లో, ఎక్కడెక్కడి నుంచో పడవల్లో మనుషులు వచ్చి హతులేసి మీద పడ్డారు. ఊరిని లేపడానికి యోసినా మొగుడు డొమింగస్ చర్చి గంట కొట్టబోయాడు, మెట్లు దాటలేదు. యేసుని నమ్మినందుకే చంపారు, అందులో అనుమానం లేదు. చంపుతూ ఆ మాటే అన్నారు. మూడేళ్ళ రికాని ఒళ్ళో పెట్టుకుని ఇంట్లో నక్కిన యోసినాకి గుమ్మంలో హాసిమ్ కనిపించాడు. లవంగాల తోటలకి అడ్డం పడి, ముళ్ళు నరుక్కుంటూ వచ్చినవాడి చేతిలో కత్తి కాక ఇంకేం ఉంటుంది? కానీ ఆ క్షణంలో ఆమెకి కత్తే కనిపించింది. ఒక్క రెప్పపాటు. మరుక్షణం అతను రికాని భుజాన వేసుకుని, ఈమె చెయ్యి పట్టుకుని అడవిలోకి లాక్కుపోయాడు. నలభై రోజులు తన ఇంట్లో దాచాడు. వెతుక్కుంటూ వచ్చిన గుంపుకి, అదే కత్తి మోకాళ్ళ మీద పెట్టుకుని గడపలో కూర్చుని, లోపల నా చెల్లెలు తప్ప ఎవరూ లేరని చెప్పాడు.

ఇదంతా యోసినా ఆ కెమెరా ముందు చెప్పింది. మూడు గంటలు చెప్పింది.

కెమెరా పట్టుకుని వచ్చినాయన పేరు గార్త్. సముద్రాలవతల ఏదో ప్రార్థన సంఘం నుంచి వచ్చాడు. చెడ్డవాడని అనలేం. ఆమెతో పాటు వెక్కి వెక్కి ఏడ్చాడు, ఆమె వండిన పులుసు రెండుసార్లు అడిగి వేయించుకున్నాడు. అంతకు కొన్నేళ్ళ ముందు ఇంకో తెల్లామె వచ్చింది, ఏదో విశ్వవిద్యాలయంలో పంతులమ్మ. ఆమెది ఇంకో వరస. మతం కోసం చంపారంటే ముఖం చిట్లించి, అసలు గొడవ భూముల గురించి కదా, పదవుల గురించి కదా అని బతిమాలినట్టు అడిగింది. ముస్లింలని ఒక్క మాట అంటే ఆమెకే దెబ్బ తగిలినట్టుండేది. గార్త్‌కేమో ముస్లింలు కాపాడారని చెప్పినప్పుడల్లా కలం ఆగిపోయేది. ఏళ్ళ తరబడి ఏడ్చి కూడగట్టుకున్న కథని ఇద్దరూ వచ్చి తమకి నప్పిన ముక్క కత్తిరించుకు పోయారు. ఏం మనుషులు వీళ్ళు!

యోసినాకి ఊపిరాడనీయనిది మాత్రం ఇంకొకటి. వీడియో తీసిన రోజు హాసిమ్ చర్చి దూలం కోసమే చెట్టు చెక్కుతున్నాడు. భూకంపానికి పడిపోయిన కప్పుని మళ్ళీ ఎత్తాలి. కత్తి పైకెత్తి నిలబడమని, నవ్వొద్దని గార్త్ అడిగించాడు. హాసిమ్ సిగ్గుపడిపోయాడు. "నాకెందుకే ఫొటోలు, పళ్ళూడిపోయినోణ్ణి. నవ్వకుండా నిలబడితే మీ వదినే గుర్తుపట్టదు" అన్నాడు. అప్పుడు యోసినాయే ముద్దుగా, "అన్నా, నేనడుగుతున్నాను" అంది. ఇక కాదనడానికి లేదు. కత్తి ఎత్తాడు.

అంటే ఆ బొమ్మ గార్త్ తీసింది కాదు. తను తీయించింది.

కప్పు ఎత్తేది శనివారం. వైమొరాంగ్ వాళ్ళు ఇక రారని ఊళ్ళో గుసగుసలు మొదలయ్యాయి. ఊరిపెద్ద యోసినాని పిలిచి, నువ్వెళ్ళి అడుగు, నువ్వడిగితే కాదనలేరు కదా అన్నాడు. ఆమె ఏదీ ఒప్పుకోకుండా ఇంటికొచ్చి, రికా చేత ఫోన్లోనే గార్త్‌కి ఉత్తరం రాయించింది: హాసిమ్ నన్ను బతికించినవాడు, ఆ వీడియో తీసేయండి అని. మర్నాటికే జవాబు వచ్చింది. మీ క్షేమం కోసం మా సంఘమంతా ఉపవాసం ఉంటోంది, ఎవరైనా బెదిరించి ఈ ఉత్తరం రాయించి ఉంటే ఒక్క ముక్క చెప్పండి చాలు అని రాశాడు. ఏం చెప్పినా బెదిరిస్తేనే చెప్పినట్టయితే, ఇక చెప్పేదేముంది?

బుధవారం యోసినా ఒక్కతే వైమొరాంగ్ వెళ్ళింది. హాసిమ్ భార్య రమ్లా కాఫీ ఇచ్చింది, పలకరింపు ఇవ్వలేదు. హాసిమ్ అదే గడపలో కూర్చుని ఉన్నాడు.

"నిజంగానే అనుకున్నావా చెల్లీ, నేను చంపుతానని?" అన్నాడు.

అబద్ధమాడితే బాగుండు అనిపించింది. నోరు రాలేదు. "అనుకున్నా. ఒక్క రెప్పపాటు."

"ఇన్నేళ్ళూ ఒక్కసారన్నా చెప్పలేదే" అన్నాడు. కోపంగా అన్నా బాగుండేది. "నేను చెప్పులన్నా వేసుకోకుండా పరిగెత్తుకొచ్చానే, నీ దగ్గరికి."

మన్నించమని అడుగుదామనే వచ్చింది. అడగలేదు. అడిగితే కాదనలేడు. కాదనలేనివాడి దగ్గర తీసుకున్న మన్నింపు ఏం చేసుకోను? దూలం సంగతీ ఎత్తలేదు. కాఫీ చల్లారిపోయింది. లేచి వచ్చేసింది. దారంతా ఏడ్చింది, డొమింగస్ పోయినప్పుడు కూడా అంతలా ఏడవలేదు.

శనివారం పొద్దున్నే కొండ మలుపులో డప్పు మోగింది. వైమొరాంగ్ మగవాళ్ళు అరవైమంది, భుజాల మీద దూలం, నోట పాట. చూస్తున్న ఆడవాళ్ళు ఏడుస్తూ నవ్వారు. దగ్గరికొచ్చాక ఆ నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. అరవైమందిలో ఒక్కడి నడుముకీ కత్తి లేదు. ఈ దీవిలో మగవాడు అడవిదారి పట్టి కత్తి లేకుండా రావడం ఎవరూ ఎరగరు. ముందు హాసిమ్ నడుస్తున్నాడు. ఒట్టి చేతులు. ముళ్ళకి గీసుకుపోయి మోచేతులదాకా నెత్తుటి చారలు.

దూలం దించారు. ఎత్తేముందు దాని కొసని ఆఖరి వేటు వేసి సరిచేయాల్సింది హాసిమ్ ఇంటివాళ్ళే, తాతల నాటినుంచీ అంతే. అతను మాత్రం పక్కకి తప్పుకుని, మీ వడ్రంగిని కానివ్వమనండని ఊరిపెద్దతో మెల్లగా చెప్పాడు. ఎవరికీ తల ఎత్తే ముఖం లేదు.

యోసినా ఇంటికి నడిచింది. తలుపు వెనక మేకుకి డొమింగస్ మచ్చుకత్తి వేలాడుతోంది, ఏటా నూనె రాస్తూనే ఉంది. తీసుకుని వచ్చింది. అలుగు తనవైపుకి, పిడి హాసిమ్ వైపుకి పెట్టి చాపింది.

అతను చుట్టూ చూశాడు. సగం మంది చేతుల్లో ఫోన్లున్నాయి. "వద్దు చెల్లీ. మళ్ళీ తీస్తారు" అన్నాడు.

"తీయనీ" అంది. "అన్నా, నేనడుగుతున్నాను."

హాసిమ్ ఆమె ముఖంలోకి చూశాడు, రెప్పల వైపు చూశాడు. కత్తి అందుకున్నాడు. దూలం పక్కన ఆమె ఎక్కడ నిలబడిందో అక్కడే నిలబడింది. అతను కత్తి తలమీదికెత్తి మొదటి వేటు వేశాడు. పేడు ఎగిరి ఆమె పాదం మీద పడింది. ఆమె పక్కకి జరగలేదు, కళ్ళు మూయలేదు.