పాత మందులే కొనసాగించవలెను

నేను ఒక రబ్బరు ముద్రను. నా ముఖం మీద చెక్కినవి మూడే మాటలు: పాత మందులే కొనసాగించవలెను. అవి అద్దంలోలా తిరగబడి ఉంటాయి కనుక నేనేం చేస్తున్నానో నాకెప్పుడూ సరిగా తెలియలేదు. సాకనుకుంటే అనుకోండి.

కలెక్టరు కచేరీ ఎదుట అరుగు మీద కూర్చునే కామేశం నన్ను చెక్కి, టేకు పిడికి అంటించాడు. చేయించినది మానసిక ఆసుపత్రి పెద్ద డాక్టరు, శంభుప్రసాదు గారు. ఆయన కింద తొంభై మంది రోగులు. సోమవారం ఆయన రౌండ్సుకు వచ్చేలోగా హెడ్డు నర్సు సువార్తమ్మ కేసు షీట్లన్నిటి మీదా నన్ను గుద్ది, దొంతరగా పేర్చి ఉంచేది. ఆయన నడుస్తూనే సంతకాలు పెట్టేవారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. సువార్తమ్మ ఇంటి నుంచి తెచ్చుకున్న ఇడ్లీలు రోగులకు పంచి తాను టీ తాగి ఊరుకునేది.

ఎర్రయ్యమ్మ అనే ఇరవై మూడేళ్ళ మనిషిని పురిటి మంచం మీది నుంచి తిన్నగా ఆ వార్డుకే తెచ్చారు. కాన్పయిన తొమ్మిదో నాడు మతి చెదిరి, ఆ బిడ్డ తనది కాదని కేకలు పెట్టిందట. చెల్లెలు పోలమ్మ ఏడుస్తున్న పసిదాన్ని చంకనేసుకుని గేటు దగ్గర నిలబడింది. "ఏడకే నా తల్లీ, నాలుగు రోజుల్లో మీ యమ్మ వచ్చేత్తాది" అంది. ఆ మాట ఇప్పటికీ నన్ను వదలలేదు.

ఆ రోజు డాక్టరు గారు మందు స్వయంగా రాశారు. మరుసటి సోమవారం సువార్తమ్మ నన్ను దాని మీద గుద్దింది. ఆ పై సోమవారమూ గుద్దింది. కాగితం నిండితే కొత్త కాగితం, పాతది అడుక్కి.

కొన్నాళ్ళకు ఎర్రయ్యమ్మ చేతులు వణికాయి. వణుకుకు ఇంకో మాత్ర రాశారు. దాన్నీ నేనే కొనసాగించాను. పోలమ్మ అక్కను చూడవచ్చి, "అప్పా, నన్ను గుర్తెట్నావా?" అంటే, ఆమె నోటి నుంచి చొంగ కారేది తప్ప మాట వచ్చేది కాదు. జబ్బు ముదిరిందన్నారు. బిడ్డ ఆమెను చూసి జడుసుకుంటుంటే పోలమ్మ తీసుకురావడం మానేసింది. తరవాత తానూ రాలేదు.

ఆరేళ్ళు గడిచాయి. ఏ మందు ఎవరికి, ఎందుకు, ఎన్నాళ్ళుగా ఇస్తున్నారో చూడమని పై ఆఫీసు నిరుపమ అనే ఫార్మసిస్టును పంపింది. ఆమె ఎర్రయ్యమ్మ షీట్లు తిరగేస్తూ అడిగింది.

"సిస్టర్, ఈ మాత్ర ఇంత మోతాదులో ఎందుకు?"

"ముందు నుంచీ ఇస్తన్నదేనమ్మా."

"ముందంటే?"

సువార్తమ్మ నవ్వింది. "నన్నడుగుతారేటి? సదువుకున్నోరు, మీకు తెలాలి."

నిరుపమ కట్ట విప్పి, అట్టడుగు కాగితాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టింది. నా నీలం సిరా కింద డాక్టరు గారి దస్తూరీ కనబడింది: 'ఏడు రోజులు మాత్రమే. పిమ్మట తగ్గించాలి.'

నేను కూర్చున్నది సరిగ్గా ఆ మాటల మీదే.

సువార్తమ్మ నవ్వు ఆగిపోయింది. "నా సేత్తోనే గుద్దేను తల్లీ," అంది. డాక్టరు గారిని పిలిచారు. ఆయన రెండుసార్లు చదివారు. తరవాత బ్లేడు అడిగి నా రబ్బరును తానే కోసేశారు. పిడిగా మిగిలిన నన్ను సువార్తమ్మ కాగితాలు ఎగరకుండా బరువుగా పెట్టుకుంది.

మాత్ర ఒక్కసారిగా ఆపకుండా కొద్దికొద్దిగా తగ్గించారు. నాలుగో నెలకు ఎర్రయ్యమ్మ తన జడ తాను వేసుకుంది. చెల్లెలి పేరు చెప్పి, కబురు పంపమంది.

పోలమ్మ వచ్చింది. ఆమె పక్కన ముందు పళ్ళు ఊడిన పిల్ల, వీపున పుస్తకాల సంచీ. ఎర్రయ్యమ్మ ఆ పిల్లను దాటి, చెల్లెలి చంక వైపు చూసింది. అది ఖాళీగా ఉంది.

"గుంటని తేలేదేటే? పాలు తాగుతందా?" అని, ఒడి చాపింది. చేతులు వణకడం లేదు.

పిల్ల పోలమ్మ కొంగు పట్టుకు లాగింది.

"అమ్మా, ఈవిడెవులే?"