ఒంటిగంటకి చల్లబడే రాయి

ప్రయోగశాల తెరవగానే కోత బాబాయ్ చేసే మొదటి పని, కిటికీ కింద పడున్న చారల రాయిని తడిగుడ్డతో తుడవడం. ఆయన రాళ్లని ఉల్లిపొరకన్నా పలచగా కోసే మనిషి. బల్లంత పొడుగున్న ఆ రాయిని మాత్రం కొయ్యడు, అది టీ రాయి. పదకొండింటికి వేడెక్కుతుంది, కెటిల్ ఎక్కిస్తారు. నాలుగింటికి మళ్లీ వేడెక్కుతుంది, ఈసారి వంగుతుంది కూడా. కప్పులు జారకుండా పట్టుకోవాలి. తన రెండువందల నలభై కోట్ల ఏళ్ల బతుకునీ ఆ రాయి రోజుకోసారి మొదట్నుంచీ బతుకుతుంది, గంటకి పదికోట్ల ఏళ్ల చొప్పున. రాత్రి పన్నెండయ్యేసరికి నేటికి చేరుకుని, మళ్లీ కొత్తగా పుడుతుంది. దాని అలవాటు దానిది.

దాని కొసనుంచి కొట్టిన ముక్కతోనే మిరపకాయ్ నాలుగేళ్లుగా కుస్తీ పడుతోంది. నోటి ఘాటుకి ఆ పరిశోధక విద్యార్థినికి దక్కిన పేరది. ముక్కని పొడి చేసి, అందులోంచి మోనజైట్ అనే ఖనిజం రేణువులు ఏరి, ఒక్కోదాన్నీ లేజర్‌తో తాకిస్తే, రాయి భూమి లోపల ఎప్పుడు ఉడికిందో, ఎప్పుడు నలిగిందో యంత్రం చెప్పాలి. చెప్పింది కూడా. ఒక రేణువు నూటముప్పై కోట్ల ఏళ్లంది, ఇంకోటి ఎనభై అంది, మిగతావి ఆ మధ్యలో ఎక్కడపడితే అక్కడ.

“సగటు తీసెయ్,” అన్నారు ప్రొఫెసరు గారు. “నూటపది వస్తుంది. ఇరవై ఏళ్ల కిందట నాకూ అదే వచ్చింది.”

“ఒకింట్లో అన్నకి పద్దెనిమిది, తమ్ముడికి ఎనిమిది అనుకోండి సార్. సగటు పదమూడు. ఆ పదమూడేళ్లవాడు ఏ గదిలో దాక్కున్నాడో చూపించండి!”

“ఇది డిబేట్ కాదమ్మా. శుక్రవారం నీ థీసిస్‌కి గడువు. నూటపది రాసి తెస్తే సంతకం పెడతాను. లేదా, నాలుగేళ్లూ నీళ్లపాలే.”

ఆయన భోజనానికి ఇంటికెళ్లిపోయారు. ఆమె విసవిసా ప్రయోగశాలకొచ్చి చూస్తే, బాబాయ్ టీ రాయికి చెంప ఆనించి గురక పెడుతున్నాడు.

“లే బాబాయ్! నా కొంప మునుగుతుంటే నీకు నిద్రెలా పట్టిందసలు?”

“చల్లగా ఉంటుందమ్మాయ్ ఈ వేళప్పుడు. పాతికేళ్లుగా ఒంటిగంటకి ఇక్కడే నా కునుకు. ఒక్కరోజూ కాల్లేదు, కదల్లేదు. బంగారుతల్లి.”

మిరపకాయ్ గోడగడియారం కేసి చూసింది. వేళ్లు మడిచి లెక్కపెట్టింది. నూటపది కోట్లంటే, అర్ధరాత్రి నుంచి పదకొండు గంటలు వెనక్కి. సరిగ్గా మధ్యాహ్నం ఒంటిగంట! ఇన్నేళ్లుగా దానిమీద టీ కాచుకున్నవాళ్లే గానీ గడియారం చూసినవాళ్లు లేరు.

మర్నాడు ఒంటిగంటకి ప్రయోగశాల గుమ్మం దగ్గర ప్రొఫెసరు గారి దారికి అడ్డంగా నిలబడింది.

“ఆకలేస్తోందమ్మా!”

“ఒక్క నిమిషం సార్. మీ నూటపది కోట్ల కొలిమి మీద కాస్త కూర్చుని వెళ్లండి.”

కూర్చున్నారు. చల్లదనం ప్యాంటులోంచి వీపుదాకా పాకింది. అరచేత్తో రాయంతా తడిమి చూశారు.

“ఈ వేళప్పుడు దీనికి ఏమీ జరగలేదు,” అన్నారు చివరికి. “మరి యంత్రం?”

“లేజర్ చుక్క వెడల్పెక్కువ సార్. రేణువులో మొదటిసారి ఉడికినప్పటి గింజ ఉంది, రెండోసారి ఉడికి నలిగినప్పటి తొక్క ఉంది. రెంటినీ కలిపి కొరికి మధ్యరుచి చెప్పింది. చుక్క సన్నం చేసి విడివిడిగా తాకిద్దాం.”

“ఇరవై ఏళ్లు నాకు పేరు తెచ్చిన అంకె...”

“బాబాయ్ గురకకి కూలిపోయింది సార్.”

“మధ్యలో నా గురకేం చేసింది?” అన్నాడు బాబాయ్. ప్రొఫెసరు గారికి నవ్వాగలేదు. “పో. రేపు మధ్యాహ్నం దాకా యంత్రం నీది.”

గింజలన్నీ నూటముప్పై అన్నాయి. తొక్కలన్నీ ఎనభై. కాగితం చూసి బాబాయ్ తలూపాడు. “మొదటి టీ, రెండో టీ.”

శుక్రవారం ఆమె పరుగున వచ్చేసరికి నాలుగవుతోంది. బల్లల నిండా రాళ్ల డబ్బాలు. ప్రొఫెసరు గారు థీసిస్ సంతకాల కాగితాన్ని టీ రాయి మీదే పరిచి కలం తీశారు. ఇంటిపేరు రాశారో లేదో, రాయి వంగింది. దాంతోపాటే సంతకమూ వంగింది.

“అయ్యో, ఇంకోటి తే, సరిగ్గా పెడతాను.”

“వద్దు సార్,” అంటూ ఆమె కాగితం లాక్కుని గుండెకి హత్తుకుంది. “టైము ప్రకారమే వంగింది.”

ఆ వంకర సంతకంతోనే మిరపకాయ్ డాక్టరమ్మ అయింది.