గిటారుకి వినపడని దగ్గు

రండి, రండి, ఇలా ముందుకి జరగండి. వెనక వరసలో గుసగుసలు ఆపండి. ఆ పొట్లం విప్పే మహానుభావుడెవరో, విప్పితే ఒక్కసారే విప్పెయ్యి నాయనా, చిన్నచిన్నగా చించి మా ప్రాణాలు తీయకు. నేను చెప్పబోయేది చప్పుడు గురించి. చప్పుడులో కూర్చుని చప్పుడు కథ వింటే ఎవరికేం అర్థమవుతుంది?

సర్లే, వినండి. ఒకావిడ ఇస్త్రీ చేస్తోంది. మొగుడిది ఆరో చొక్కా. ఇల్లు మూడో అంతస్తులో. మొగుడు కారు నడపడం నేర్పే మనిషి, వీధిలో అందరూ బ్రేకు మాస్టారు అంటారు. రోజుకి పదిమంది కొత్తవాళ్ళ పక్కన కూర్చుని "బ్రేకు! బ్రేకు!" అని అరిచి అరిచి ఆయన గొంతు ఆ ఎత్తులోనే ఇరుక్కుపోయింది. భోజనాల దగ్గర ఉప్పు అడిగితే కింద రోడ్డు మీద బళ్ళు ఆగిపోయేవి. అత్తగారు కొడుకు కంటే రెండాకులు ఎక్కువే చదివింది. ఆవిడ దగ్గితే ఎదురు మేడ మీది పావురాలు లేచి, రెండు వీధులు తిరిగి, ఆవిడ మంచినీళ్ళు తాగాకే మళ్ళీ వచ్చి వాలేవి.

ఆమెది పళ్ళ డాక్టరు దగ్గర కౌంటర్లో ఉద్యోగం. "నవ్వుతూ ఉండాలమ్మా, మన క్లినిక్కి నీ పళ్ళే బోర్డు" అనేవాడు డాక్టరు. నవ్వుతూనే ఉండేది, మధ్యాహ్నం ఆయన తాగిన టీ కప్పు కడిగేటప్పుడు కూడా. ఇంటికొచ్చాక ఇంకో కౌంటరు. "ఏమే, నా చొక్కా?" "అమ్మాయ్, నా మాత్ర?" "ఏమే, టీ?" సాయంత్రం ఐదు నుంచి ఆరున్నర లోపల ఆమెని ఎన్నిసార్లు పిలిచేవారో ఒకరోజు లెక్కపెట్టబోయింది. లెక్క మధ్యలో పిలిచారు, మర్చిపోయింది.

ఆమెకి ఒక గిటారుంది. కాలేజీ రోజులది. పదకొండేళ్ళుగా బీరువా మీద పాత దుప్పట్లో చుట్టి ఉంది. పెళ్ళయిన కొత్తలో నలుగురు వచ్చినప్పుడు ఒకసారి దించితే మొగుడు అన్నాడు: "తీగలే కావాలంటే బాల్కనీలో నాలుగున్నాయి కదే, బట్టలారేసుకో." అందరూ విరగబడి నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ సంగతి తల్చుకుంటే ఆమెకి ఇప్పటికీ చెవులు కాలతాయి. వాళ్ళు నవ్వినందుకు కాదు, తను నవ్వినందుకు.

పిల్లల కథలు చదివి రికార్డు చేసే పాత స్నేహితురాలొకతె ఈ మధ్య ఫోన్ చేసింది. "ఒసేయ్, నా కథల వెనక నీ గిటారు కావాలే. చిన్న బాణీ ఒకటి పంపు. కుదిరితే ఏడాదంతా నువ్వే." ఆ గిటారు దుప్పట్లోంచి బయటికొచ్చింది. ఇస్త్రీ గదిలో, బల్ల మీద పాత ల్యాప్‌టాప్ కంప్యూటరు పెట్టుకుంది. గిటారు నుంచి ఒక వైరు చిన్న పెట్టెలోకి, ఆ పెట్టె నుంచి కంప్యూటర్లోకి. లోపల ఒక సాఫ్ట్‌వేర్ ఉంటుంది, దానికి గోడంత స్పీకరు ఉన్నట్టు నటించడం వచ్చు. ఎంత పెద్ద మోత మోగినా ఆమె చెవుల్లోని హెడ్‌ఫోన్లలోనే, గదిలో ఈగకి కూడా తెలీదు. మైకు లేదు. ఇది మాత్రం కొంగున ముడేసుకోండి, మైకు లేదు.

అలా ఒక బాణీ వాయించి పంపింది. ఆ ఆరో చొక్కా కాలరు దగ్గర ఉండగా ఫోన్లో స్నేహితురాలి జవాబు వచ్చింది. "బాణీ బాగుంది. కానీ వెనకాల ఆ గీ... ఏంటే? డబ్బాలో తుమ్మెద పడ్డట్టుంది. వచ్చే వారం శనివారం సాయంత్రం ఆరున్నర లోపు శుభ్రంగా పంపు. లేకపోతే నేను ఇంకొకళ్ళని చూసుకోవాలి, ఏమనుకోకు."

భుజం మీంచి మొగుడు చదివేశాడు. "తుమ్మెదంట! అమ్మా, విన్నావా, మీ కోడలు గిటారు వాయిస్తే తుమ్మెద పలికిందంట!"

ఆ సిగ్గులో ఆమె నోట్లోంచి ఒక మాట జారిపోయింది. "నా గిటారుది కాదండీ. ఇంట్లో మాటలు పడ్డాయి అందులో."

మొగుడి మొహంలో నవ్వు అలాగే గడ్డకట్టింది. "మాటలంటే? నిన్న నేను మా డ్రైవింగు స్కూలు ఓనర్ని తిట్టానే, అది కూడా పడిందా?"

"పడే ఉంటుంది."

"కథల్లోకి వెళ్ళిపోతుందా? ఊరంతా వింటుందా?"

ఆమె చొక్కా మడతపెట్టింది. తుమ్మెద కరెంటుదని ఆమెకి తెలుసు. మైకు లేని చోట మనిషి మాట ఎలా పడుతుంది? ఒక్క మాటతో సరిచేసెయ్యొచ్చు. ఆ మాట గొంతు దాకా వచ్చింది, అక్కడ ఆలోచించింది, వెనక్కి వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచి చూడండి! ఐదు కొట్టి ఆమె గిటారు పట్టుకుందంటే ఆ ఇల్లు నీళ్ళలో మునిగినట్టే. టీవీలో మనుషులు నోళ్ళు ఆడించేవాళ్ళంతే. బ్రేకు మాస్టారు చేతులతోనే బండి నడిపేవాడు: అరచెయ్యి చూపిస్తే ఆగమని, కుడిచెయ్యి చాపితే పక్కకి తప్పుకోమని. టీ అడగడానికి మాత్రం రోడ్డు రూల్సులో సైగ లేదు, పాపం, అందుకని అడగలేదు. సంగతి మేడంతా పాకి, పైఅంతస్తు వాళ్ళు కుర్చీల కాళ్ళకి సాక్సులు తొడిగారు. నీళ్ళ డబ్బాలు మోసే మనిషి చెప్పులు కింద వదిలి, కింది మెట్టు దగ్గర ఊపిరి బిగబట్టి, మూడో అంతస్తులో డబ్బా దించాకే వదిలేవాడు. ఈగలు కూడా రెక్కలు ముడుచుకుని నడిచి వెళ్ళేవంటే నమ్మండి, నమ్మకపోతే మీ ఇష్టం.

తలుపు వేసిన ఇస్త్రీ గదిలో, గోడ వైపు మొహం పెట్టి ఆమె కూర్చునేది. వాయించేటప్పుడు పెదవి కొరుక్కునే అలవాటు ఆమెకి. ఎవరైనా తలుపు తీస్తే ఆ మొహం చూస్తారేమోనని గోడకి చూపించేది. గంటన్నర. ఎవరూ పిలవలేదు. మొదటిరోజు పది నిమిషాలకోసారి తనే ఉలిక్కిపడి హెడ్‌ఫోన్లు తీసి చూసింది, పిలిచారేమోనని. మూడోరోజుకి ఉలికిపాటు పోయింది. దాని చోట్లో సిగ్గొచ్చి కూర్చుంది. అబద్ధంతో కొన్న గంటన్నర. ఇంతమంది నోళ్ళు నొక్కి తను సుఖపడుతోంది. పళ్ళ డాక్టరు కప్పు కడిగినప్పుడు రాని సిగ్గు, తీగల మాట విని నవ్వినప్పటి సిగ్గు, ఈ కొత్త సిగ్గు, అన్నీ కలిసి ఆమె ఒళ్ళో గిటారు మీదెక్కి కూర్చునేవి. అయినా నిజం చెప్పలేదు. రేపు చెప్తాననుకునేది. రేపు ఐదు కాగానే ఇల్లు అంత చల్లగా ఊరుకునేసరికి, ఎల్లుండి చెప్పొచ్చులే అనుకునేది.

తుమ్మెద మాత్రం పోలేదు. తీగల మీద చెయ్యుంటే కాస్త తగ్గేది, చెయ్యి తీస్తే చాలు గీమనేది. అచ్చం ఈ ఇల్లే, అనుకుంది. కంప్యూటరు చార్జరు పీకేస్తే సగం చచ్చింది. మిగతా సగానికి సాఫ్ట్‌వేర్‌లోనే ఒక గేటుంది: చప్పుడు చిన్నదైతే దాన్ని లోపలికి రానివ్వకుండా మూసేస్తుంది. అది పెట్టి పంపింది. స్నేహితురాలు ఫోన్ చేసింది.

"తుమ్మెద పోయిందే. దాంతోపాటు నీ బాణీ చివర్లు కూడా పోయాయి. ప్రతి స్వరం మెల్లగా తగ్గుతూ ఉండగానే టక్కున మూసేస్తోంది. చిన్నగా ఉన్నదంతా చెత్త కాదే. ఆ గేటు తీసెయ్యి. గిటారు పట్టుకుని ఆ గదిలో గుండ్రంగా తిరుగు. ఏ దిక్కుకి తిరిగితే గీ తగ్గుతుందో, కంప్యూటరుకి ఎంత దూరంలో తగ్గుతుందో చూడు. అక్కడే కూర్చో."

శుక్రవారం గిటారు పట్టుకుని గదంతా తిరిగి చూసింది. గోడ వైపు తుమ్మెద. కిటికీ వైపు తుమ్మెదల గుంపు. తలుపు వైపు తిరిగి నాలుగడుగులు వేస్తే, ఏమీ లేదు. అంత నిశ్శబ్దం ఆమె ఎప్పుడూ వినలేదు. కానీ ఆ చోటు సరిగ్గా గడప మీద. తలుపు మూస్తే కుర్చీ పట్టదు. మొహం హాల్లోకి. కొరుక్కునే పెదవితో సహా.

వద్దులే, పోతే పోయింది, ఇంకొకళ్ళనే చూసుకోనీ అనుకుని మంచినీళ్ళ కోసం బయటికొచ్చింది. అత్తగారు హాల్లో లేదు. వీధి తలుపు దగ్గరగా వేసి ఉంది. తీసి చూస్తే, ఆవిడ రెండు మెట్లు కిందికి దిగి, మోకాళ్ళు పట్టుకుని కూర్చుని ఉంది. నోట్లో తుండు కుక్కుకుని దగ్గుతోంది. వీపంతా ఎగిరెగిరి పడుతోంది. చప్పుడు మాత్రం లేదు.

"అత్తయ్యా!"

ఆవిడ కంగారుగా తుండు తీసింది. "పడిందా? నీ పాట పాడైందా?" గుసగుసగా అంది.

"ఇక్కడెందుకు కూర్చున్నారు?"

"నాకు అలవాటేలే. మీ మామయ్యకి ముప్పై ఎనిమిదేళ్ళు రాత్రి షిఫ్టే కదా. పగలంతా నిద్ర. దగ్గినా, గిన్నె పడినా, పిల్లాడు ఏడ్చినా లేచి కొట్టేవాడు. ఇదిగో, ఇలాగే మెట్ల మీదికొచ్చి దగ్గేదాన్ని. ఆయన పోయాకే కదే నేను నోరు తెరిచి దగ్గింది." తుండు మడతపెట్టింది. "అప్పుడు భయపడి దగ్గేదాన్ని. ఇప్పుడు నీ పాట కోసం. తేడా ఉందిలే."

ఆమె మెట్ల మీద అలాగే నిలబడిపోయింది. భూమి నోరు తెరిస్తే దూకేసేది, మూడో అంతస్తు కాబట్టి భూమి అందలేదు.

శనివారం. ఐదు కొట్టింది. ఇల్లు మునిగింది. ఆమె కుర్చీ ఈడ్చుకొచ్చి గడప మీద వేసింది, కరకరమని, అంత చప్పుడుతో. మొగుడు అదిరిపడి అరచెయ్యి చూపించాడు. అప్పుడే నీళ్ళ డబ్బా మనిషి బుగ్గలు ఉబ్బించుకుని గుమ్మంలోకొచ్చాడు.

"మాట్లాడండి" అంది ఆమె. "మైకు లేదు."

మొగుడు పెదాలు మాత్రమే కదిపాడు: ఏంటి?

"ఈ వైరు గిటారునే వింటుంది. మీ మాటలు వినదు. మొదట్నించీ వినదు. తుమ్మెద కరెంటుది. నేనే అబద్ధం చెప్పాను." ఆమె మొహం ఇస్త్రీపెట్టెలా కాలుతోంది. అత్తగారి వైపు చూడలేక చూసింది. "దగ్గండి అత్తయ్యా."

అత్తగారు దగ్గింది. పదకొండు రోజుల దగ్గు! పావురాలు లేచాయి, పైఅంతస్తులో సాక్సులు జారాయి. దగ్గడం అయ్యాక ఆవిడ వచ్చి కంప్యూటరు తెరలోకి తొంగిచూసింది. చప్పుడు పడితే ఎగరాల్సిన గీత తిన్నగా ఉంది.

"నా దగ్గేది?"

"రాలేదు అత్తయ్యా."

"ఇంత దగ్గితే పిసరంత కూడా కదల్లేదా!" ఆవిడకి చిన్నతనంగా అనిపించింది. తరవాత నెమ్మదిగా అడిగింది. "మరి ఎందుకు చెప్పావే?"

"చప్పుడు చెయ్యకండి అంటే వింటారు. నన్ను పిలవకండి అంటే వినరని."

మొగుడి గొంతు తిరిగొచ్చింది. "అడిగావా ఎప్పుడైనా? ఒక్కసారైనా అడిగావా?"

అడగలేదు. అది నిజం. పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు, ఎగతాళి చేస్తారని, చేస్తే తను కూడా వాళ్ళతో కలిసి నవ్వేస్తుందని.

"అడగలేదు" అంది. "ఇప్పుడు అడుగుతున్నా. రోజూ ఐదు నుంచి ఆరున్నర దాకా నన్ను పిలవొద్దు. మీరు అరుచుకోండి, టీవీ పెట్టుకోండి. నన్ను మాత్రం పిలవొద్దు."

"మరి టీ?" అన్నాడు బ్రేకు మాస్టారు. పదకొండు రోజుల దాహం.

అత్తగారు కొడుకుని ఎగాదిగా చూసింది. "ఊరంతటికీ దారి చూపిస్తావు కదరా. వంటిల్లు తెలీదూ? తిన్నగా వెళ్ళి ఎడమకి తిరుగు."

ఆయన ధుమధుమలాడుతూ ఎడమకి తిరిగాడు. ఆమె గడప మీద కూర్చుని, హాలుకి మొహం పెట్టి, పెదవి కొరుక్కుంటూ వాయించింది. అందరూ ఆ మొహం చూశారు. సిగ్గు ఎక్కడికీ పోలేదు, పక్కనే కూర్చుంది, కూర్చోనీ, అనుకుంది. అత్తగారు హాయిగా దగ్గుతోంది. వంటింట్లో గిన్నెలు పడుతున్నాయి. చివరి స్వరం తగ్గుతూ, తగ్గుతూ, తనంతట తను ఆగేదాకా ఆమె తీగ మీద చెయ్యి పెట్టలేదు. తుమ్మెద లేదు. ఆరుంపావుకి పంపేసింది.

హెడ్‌ఫోన్లు తీసేసరికి నీళ్ళ డబ్బా మనిషి ఇంకా గుమ్మంలోనే ఉన్నాడు. డబ్బా దించలేదు, మొహం వంకాయ రంగులోకి తిరిగింది. చివరికి డబ్బా దించి, ఊపిరి బుస్సున వదిలి అన్నాడు:

"అమ్మా, పదకొండు రోజులు, రోజుకి రెండుసార్లు మూడంతస్తులు బిగబట్టానే! ఇప్పుడు ఆ ఊపిరంతా నాకు ఎవరిస్తారు?"