తడిసిన అట్టపెట్టె వాసన

ఆ రెస్టారెంట్లో వంట వదినది, హాలు మరిదిది. పాతికేళ్లు పొయ్యి దగ్గర నిలబడి ఆవిడ సంపాదించిన మంచి పేరును ఆరు నెలల్లో గొప్ప పేరు చేసేయాలని మరిదికి ఆరాటం. ఎక్కడినుంచో ఒక వైన్ నిపుణుణ్ణి పట్టుకొచ్చాడు. ఆయన వచ్చీ రాగానే వంటింట్లో ప్రతి గిన్నె మూతా తీసి, వాసన చూసి, పెదవి విరిచాడు. ఆ పూట నుంచి వంటవాళ్ల నోట ఆయన పేరు ముక్కుగారు.

ఆదివారం మధ్యాహ్నం పన్నెండుమందికి వైన్ రుచి చూపించే కార్యక్రమం పెట్టారు. వైన్ పేరు అమరోనే. కోసిన ద్రాక్షను నెలల తరబడి ఆరబెట్టి చేసే ఇటలీ ఎర్ర వైన్. చిక్కన, ఘాటు, కాస్త వగరు. దానికి జోడీగా ముక్కుగారు ఎంచిన వంటకం నిమ్మరసం పిండి ఆవిరి మీద ఉడికించిన చేప.

“చేప తిని ఇది తాగితే నోట్లో ఇనుపమేకు పెట్టుకున్నట్టుంటుందండీ. కొవ్వున్న మాంసమో, బాగా పాతబడిన గట్టి చీజో ఉండాలి” అంది వదిన.

“అది అందరూ చేసేదే కదా మేడమ్. వండటం మీ పని, ఆలోచించడం నా పని.”

“పెద్దవాళ్లకి మనం చెప్పేదేంటి వదినా, చేసెయ్” అన్నాడు మరిది.

తనకన్నా పదేళ్లు చిన్నవాడైన ముక్కుగారు పెద్దవాడెలా అయ్యాడో వదినకు అర్థం కాలేదు. ఒళ్లు మండినా చేప ఉడికించింది. వంటవాళ్ల భోజనానికని పొద్దున్నే పెట్టిన ఎముక మాంసం పక్క పొయ్యి మీద సన్న సెగన మగ్గుతోంది.

పళ్లేలు పట్టుకుని హాల్లోకి వెళ్లేసరికి ముక్కుగారు గ్లాసు తిప్పుతూ, కళ్లు మూసుకుని ఉన్నారు.

“వాన పడ్డాక అడవి నేల... తాత వాడిన తోలుసంచీ... అందుతోందా?”

అందుతోందన్నట్టు పదకొండు తలలు ఊగాయి. పన్నెండో తల పళ్ల డాక్టరమ్మది.

“నాకు తడిసిన అట్టపెట్టె వాసనొస్తోంది. నాకొక్కదానికేనా?” అంది ఆవిడ.

“మీ ముక్కుకింకా సాధన కావాలి” అన్నారు ముక్కుగారు. అందరూ నవ్వారు. మరిది అందరికన్నా గట్టిగా నవ్వాడు.

వదిన పళ్లేలు బల్ల మీద పెట్టి, ఎవరి అనుమతీ అడక్కుండా ఆ సీసా ఎత్తి వాసన చూసింది. బిరడా చెడి వైన్‌కి బూజు వాసన పట్టింది. నేలమాళిగలో ముక్కిన గోనెసంచి కంపు.

“ఆవిడ ముక్కుకేం, బాగానే ఉంది. చెడిపోయిన వైన్ తాగి అడవి, తోలు అంటున్న మీ ముక్కునే ఎవరికైనా చూపించుకోండి.”

“వదినా!” అన్నాడు మరిది.

“నువ్వు నోర్మూసుకోవయ్యా!”

వదిన ఇంకో సీసా తెరిచి, తనే వాసన చూసి, డాక్టరమ్మకు పోసింది. వంటింట్లోంచి మాంసం తెచ్చి ముందు పెట్టింది. డాక్టరమ్మ ఒక ముక్క తిని, ఒక గుక్క తాగి, పళ్లెం తన వైపు లాక్కుంది.

అప్పుడు మొదలైంది. “నాకూ ముందే అనుమానం వచ్చింది” అన్నాడు ఒకాయన. “నేను మర్యాదకి ఊరుకున్నా” అంది ఇంకొకావిడ. ఇందాక అడవంతా తిరిగొచ్చినవాళ్లే!

ముక్కుగారు గొంతు సవరించుకున్నారు. “శభాష్! ఎవరు కనిపెడతారో చూద్దామనే చెడిన సీసా పెట్టాను.”

అంతే, చప్పట్లు! పన్నెండుమందిలో పదకొండుమంది చేతులు నొప్పెట్టేలా కొట్టారు. మరిది కళ్లలో నీళ్లు తిరిగాయి. “ఎంత తెలివి, వదినా!”

వదిన వాళ్లందరినీ ఒకసారి కలియజూసింది. ఆవిడకు కోపం కూడా చల్లారిపోయింది. అది కూడా దండగే అనిపించింది. కొత్త సీసా చంకన పెట్టుకుని వంటింటి దారి పట్టింది. డాక్టరమ్మ పళ్లెంతో సహా వెనకే వెళ్లింది. ఇద్దరూ కూరగాయలు తరిగే బల్ల దగ్గర కూర్చుని ఎముకల్లో మూలుగ దాకా జుర్రుకున్నారు.

వచ్చే నెలకు కూడా ముక్కుగారినే కుదిర్చాడు మరిది. ఆ ఆదివారం వదిన సెలవు పెట్టింది. చేప మరిదే ఉడికించాడు. సగం పచ్చిగా ఉందట. అది సరికొత్త పద్ధతని ముక్కుగారు వివరిస్తే, అందరూ ముళ్లు తప్ప ఏమీ మిగల్చలేదట.

ఆ సంగతి డాక్టరమ్మ ఫోన్ చేసి చెబితే, “తిననీండి, పాపం” అంది వదిన.