నలభై దాటని బండి

రాజరత్నం షెడ్డుకు వచ్చిన బండి జబ్బేమిటో తేలకుండా వెనక్కి వెళ్ళడం ఇరవై రెండేళ్లలో జరగలేదు. ఈ మాట అతను అనడు, ఊరు అంటుంది. ఊరు అంటుంటే అతను కాదనడు, అంతే. బండి బాగయ్యాక పాడైన ముక్కను స్టీలు పళ్ళెంలో పెట్టి యజమాని ముందుకు తోసి, "ఇదండి దొంగ" అంటాడు. దొంగను చూపించనిదే తాళం చేతికివ్వడు.

అలాంటి మనిషి పరువును గోదాట్లో కలపడానికి చంద్రరావుగారి కప్ప బండి వచ్చింది.

చంద్రరావుగారికి రావులపాలెం దగ్గర గోదావరి లంకలో అరటితోటలున్నాయి. ఇసకలో ట్రాక్టరు కూరుకుపోతోందని నిరుడు ఇసకలోనూ పరిగెత్తే నాలుగు లావు టైర్ల ఏటీవీ ఒకటి కొన్నారు. అది కూర్చున్న తీరు చూసి ఊరు దానికి కప్ప బండి అని పేరు పెట్టేసింది. నడిపేది ఆయన కొడుకు దుర్గాసాయి. ఇరవై ఆరేళ్ళవాడు, ఎడమ కాల్లో ఇనుప రాడ్డు ఉంది. రెండేళ్ల కిందట హైవే మీద మోటార్ సైకిల్ ఇచ్చిన బహుమానం అది. బుద్ధి మాత్రం ఇవ్వలేదు. అదే కాలేసుకుని ఏటిగట్టు మీద కప్ప బండిని డెబ్బైలో తోలేవాడు.

మూడు నెలలుగా బండి డెబ్బై వెళ్ళడం లేదు. స్టార్టింగ్ బాగుంది, పికప్ బాగుంది. గట్టెక్కి రేసు పూర్తిగా ఇచ్చి పావుగంట పోనిస్తే మాత్రం పొలమారినట్టు దగ్గుతుంది. నలభైకి దిగితే మళ్ళీ మామూలే.

రాజరత్నం ముందు ఎయిర్ ఫిల్టర్ విప్పాడు. పిడికెడు ఇసక రాలింది. ఇదండి దొంగ, అన్నాడు. బండి వెళ్ళి మూడో రోజున తిరిగొచ్చింది. ప్లగ్గు మార్చాడు, వచ్చింది. కార్బురేటర్ విప్పి జెట్లు ఊదాడు, వచ్చింది. సైలెన్సర్‌లో మసి దులిపాడు, బెల్టు కొత్తది వేశాడు, వచ్చింది. ఇన్నిసార్లు ఇంతమంది దొంగలు పళ్ళెంలోకి ఎక్కేసరికి ఊరి అనుమానం మెల్లిగా మెకానిక్ మీదికి మళ్ళింది.

అన్నిటికన్నా ఘోరం, బండి అతని చేతిలో బాగా వెళ్ళడం. ట్యాంకు మూత అంచులు పట్టి తీసి, పెట్రోలు చూసుకుని, అర లీటరు పోసి గట్టెక్కిస్తే డెబ్బైలో దూసుకుపోయేది. మీసం మెలేసుకుంటూ తిరిగొచ్చేవాడు. దుర్గాసాయి తీసుకెళ్ళి సాయంత్రానికి నలభైలో వచ్చేవాడు. బండికి నువ్వంటే భయం, మావాడంటే అలుసు అన్నారు చంద్రరావుగారు. ఆదివారం నాటికి దొంగ దొరక్కపోతే బండినీ, లంకలో నీళ్ళు తోడే తొమ్మిది మోటారింజన్లనూ కలిపి రాజమండ్రిలో ఒక పెద్ద వర్క్‌షాపుకు అప్పగిస్తానన్నారు. నవ్వుతూనే అన్నారు. ఆయన కోపం ఎప్పుడూ అలాగే ఉంటుంది. ఆ తొమ్మిదీ షెడ్డుకు సగం పని. రాజరత్నానికి ఆ రాత్రి అన్నం సయించలేదు. కాస్త ప్రార్థన చేసుకోకూడదా అని భార్య ఏసమ్మ అంటే, కార్బురేటర్‌కు ప్రార్థనేంటే అని కసురుకున్నాడు.

ఆ బండిలో అతను చెయ్యి పెట్టని చోటు ఒక్కటే మిగిలింది. రాజరత్నం లూథరన్ చర్చిలో సంఘపెద్ద. చేతికొచ్చే బండ్లలో ముప్పాతిక హిందువులవి. ఎవరి బండి మీద బొట్టునైనా తాను ముట్టకూడదన్నది అతను పెట్టుకున్న నియమం. కడిగినా బొట్టు చుట్టూ కడుగుతాడు. ఈ మర్యాద ఊళ్ళో అందరికీ తెలుసు, నచ్చుతుంది కూడా.

శుక్రవారం పొద్దున బండి షెడ్డులోనే ఉండిపోయింది. అందుకని చంద్రరావుగారి భార్య పాపాయిగారు పసుపూ కుంకుమా పట్టుకుని షెడ్డుకే వచ్చారు. రాజరత్నం చేతులు తుడుచుకుని పక్కకు జరిగి నిలబడ్డాడు. ఆవిడ హెడ్‌లైటుకు పెట్టారు, హ్యాండిల్‌కు పెట్టారు. ఆఖరున ట్యాంకు మూత మీద తడి పసుపు బొటనవేలితో దట్టంగా అద్ది, మధ్యలో కుంకుమ పెట్టారు. ఆ కింద పాత శుక్రవారాల పసుపు పొర మీద పొరగా గట్టిపడి ఉంది.

రాజరత్నం ఆ మూత మీదికి వంగాడు. మూత నడిమధ్యన సూదిమొనంత కన్నం ఉంటుంది. పెట్రోలు కిందికి దిగిన కొద్దీ అందులోంచి గాలి లోపలికి వెళ్ళాలి. వెళ్ళకపోతే పెట్రోలు దిగదు, నిండు రేసులో ఇంజనుకు గొంతెండుతుంది. తాను ప్రతిసారీ మూత తీసి చూస్తున్నాడు, గాలి పోతోంది, బండి పరిగెడుతోంది! మూడు నెలలు కొండంతా తవ్వితే, ఎలుక బొట్టు పెట్టుకుని ఎదురుగానే కూర్చుంది.

చెయ్యి దానంతటదే స్టీలు పళ్ళెం వైపు వెళ్ళింది. సంతోషం పట్టలేక, పసుపు గాలి కన్నానికి అడ్డం పడుతోందని, బండి అందుకే పైకి లాగడం లేదని ఆవిడకు చెప్పేశాడు.

పాపాయిగారు కుంకుమ భరిణె మూసేశారు.

"కన్నం సంగతి నాకు తెలీదు రత్నం. మావాణ్ణి నెమ్మదిగా తిప్పు తల్లీ అని మొక్కుకుని పెట్టాను. ఆ వారం నించే బండి నెమ్మదించింది. అంతకుముందు సాయంత్రమయ్యేసరికి గట్టు మీద ఆ చప్పుడు వినిపిస్తుంటే నా ప్రాణం పోయేది. ఈ మూడు నెల్లే నేను కడుపునిండా అన్నం తిన్నది." ట్యాంకు మూత వైపు చూసి అడిగారు. "అయితే అమ్మవారు వినలేదా?"

సండే స్కూల్లో అయితే రాజరత్నం దగ్గర దీనికి జవాబుంది. షెడ్డులో లేదు.

"ఎవరో ఒకరు విన్నారండి," అన్నాడు.

ఇంజన్ని ఉక్కిరిబిక్కిరిగా వదిలేస్తే పిస్టన్ కాలిపోతుందని ఆవిడకు నచ్చజెప్పాడు. ఆవిడే చీర చెంగుతో పసుపు తుడిచారు, అతను సన్నతీగతో కన్నం తెరిచాడు. తర్వాత రేసు మీట దగ్గరున్న చిన్న స్క్రూ మీద చెయ్యి వేశాడు. కొత్తగా నేర్చుకునేవాళ్ళు మీటను మరీ నొక్కకుండా కంపెనీవాళ్ళు పెట్టిన అడ్డు అది. రెండు తిప్పులు లోపలికి బిగించి, నలభై దాటదని మాటిచ్చాడు. బరువు లాగడానికి నలభై బోలెడు.

ఆదివారం చర్చి వదిలాక చంద్రరావుగారు కొడుకును వెంటబెట్టుకుని వచ్చారు. వెనకాలే పాపాయిగారు. దుర్గాసాయి గట్టు దాకా వెళ్ళొచ్చి, దగ్గడం లేదు గానీ నలభై దాటడం లేదన్నాడు.

"ఏడోయ్ రత్నం, దొంగ?" అన్నారు చంద్రరావుగారు.

పళ్ళెం ఖాళీగా ఉంది. ఒక్క మాట అంటే చాలు, పేరు నిలుస్తుంది, మోటార్లు నిలుస్తాయి. ఆ మాట బయటపడితే చంద్రరావుగారు బతికినంతకాలం పెళ్ళాం పసుపు గురించి అరటి మార్కెట్టంతా చెప్పి నవ్వుతారు. దొంగ దొరికాక ఇంకా నలభయ్యేంటని కొడుకు స్క్రూ దాకా వస్తాడు, సాయంత్రానికల్లా డెబ్బైలో ఉంటాడు. పాపాయిగారు నేల చూస్తున్నారు.

"దొరకలేదండి. నా వల్ల కాలేదు," అన్నాడు రాజరత్నం. తల తీసేసినట్టయింది అతనికి.

అయితే రాజమండ్రే అన్నారు చంద్రరావుగారు, నవ్వుతూ. దుర్గాసాయి ఇంకా బండి మీదే కూర్చుని మీట వైపు చూస్తున్నాడు. దుమ్ము తుడిచిన చోట స్క్రూ తల కొత్తగా మెరుస్తోంది. వాడు రాజరత్నాన్ని చూశాడు, తర్వాత తల్లిని చూశాడు. తల్లి ఏడుపు ఆపుకుంటున్న సంగతి వాడికి అప్పుడు తెలిసింది.

"బండికి రాజమండ్రి ఎందుకు నాన్నా," అన్నాడు. "నాకు నలభై చాలు."

మరి మోటార్ల సంగతేంటని ఆయన అడిగితే, అవి మీ ఇష్టం అన్నాడు. ఆయనిష్టప్రకారం సోమవారం తొమ్మిదీ వెళ్ళిపోయాయి. కప్ప బండి రత్నాన్ని ఓడించిందని మార్కెట్లో వారం రోజులు చెప్పుకున్నారు. రాజరత్నం ఆయ్, నిజమేనండి అన్నాడు.

ఆ స్క్రూ విప్పడానికి రెండు తిప్పులు చాలు. స్క్రూడ్రైవర్ కంపెనీవాళ్ళు సీటు కిందే ఇచ్చారు. రోజూ సాయంత్రం బండి గట్టు మీద వెళ్తుంటే రాజరత్నం పని ఆపి చెవితో కొలుస్తాడు. ఇప్పటికీ నలభయ్యే.