చీర కింద ఆరేసిన బనీను

మంజుల బకెట్లో నానిన బనీనును సబ్బు నురగలో మెల్లగా పిసుకుతోంది. గట్టిగా పిండితే సాగిపోతుందని, సాగితే పనికిరాదని ఆసుపత్రిలో నర్సమ్మ మరీ మరీ చెప్పింది. దానికి ముందువైపు జిప్పు, లోపల వరుసగా కొక్కేలు. వేసుకుంటే ఛాతీని పట్టి బిగించినట్టు ఉంటుంది. ఆరు వారాలు రాత్రీ పగలూ వేసుకోవాలి. ఉన్నది ఒక్కటే. అది ఆరేదాకా అన్న వీరేందర్ లోపలి గదిలో దుప్పటి కప్పుకుని, తలుపు దగ్గరికి వేసుకుని పడుకుంటాడు.

బనీనును తీగ మీద వేసి, పైన తన చీర పరిచింది. తన రైకలు ఆరేసుకునేదీ అట్లాగే.

వీరేందర్‌కు పదమూడో ఏట రొమ్ములు ఉబ్బాయి. బడిలో వీరమ్మా అని పిలిచారు. కబడ్డీ మానేశాడు. మండే ఎండల్లోనూ భుజాల మీద తువ్వాలు దింపలేదు. విమానాశ్రయంలో సరుకు మోసే పనిలో చేరాక యూనిఫాం కింద రెండు బనీన్లు తొడిగేవాడు. ఆ వయసులో చాలామంది మగపిల్లలకు ఇది వస్తుందని, ఏడాది రెండేళ్లలో దానంతటదే పోతుందని, ఇతనికి పోలేదని డాక్టరు రక్తపరీక్షలు చూసి చెప్పాడు. ఇన్నేళ్లయ్యాక మందులకు తగ్గదన్నాడు. పోయిన వారమే చనుమొన కింద చిన్న గాటు పెట్టి గడ్డ తీశాడు, చుట్టూ ఉన్న కొవ్వును గొట్టంతో లాగేశాడు.

"బాపుకు చెప్పకే, నీకు దండం పెడ్త" అన్నాడు వీరేందర్. ఇద్దరూ కలిసి హెర్నియా ఆపరేషన్ అని చెప్పారు.

అదే పొరపాటైంది. బరువులు మోసేవాడికి వచ్చే జబ్బు అది. తండ్రి సత్తయ్య గర్వంగా కొత్వాల్‌గూడ ఊరంతా చెప్పుకున్నాడు. ఇంటికి చుట్టాలు బ్రెడ్డు ప్యాకెట్లు, అరటిపండ్లు పట్టుకుని చూడటానికి రావడం మొదలుపెట్టారు.

ఈరోజు షాద్‌నగర్ నుంచి మేనత్త కొండమ్మ దిగింది.

"ఏడున్నడే మా అల్లుడు? కుట్లు సూపియ్యమను. మీ మామకు గట్లనే అయితె నేనే కట్లు కట్టిన, నాకు సిగ్గేంది?"

"పండుకున్నడత్తా, జర సేపాగు."

"లారీకి లారీ ఒక్కడే దించుతడక్కా" అన్నాడు సత్తయ్య. "అందుకే గిట్లయింది."

మంజుల చాయ్ పెట్టింది. ఇంతలో చినుకులు పడ్డాయి. "ఓ పిల్లా, బట్టలు!" అంటూ కొండమ్మే వాకిట్లోకి ఉరికింది. తీగ మీదవన్నీ ఒక్కసారే లాగి చంకన పెట్టుకొచ్చింది. చీర మడత విప్పితే బనీను జారి కింద పడింది.

"గిదేందే? రైకనా, కోటా?"

"నాదే అత్తా."

కొండమ్మ దాన్ని మంజుల భుజాలకు ఆనించి చూసి పకపకా నవ్వింది. "నీ అసొంటోళ్లు ఇద్దరు పడ్తరు గదే ఇండ్ల!"

సత్తయ్య నవ్వలేదు. బనీను తీసుకుని తిప్పి చూశాడు. ఛాతీ దగ్గర రెండు వైపులా సబ్బుకు పోని నెత్తుటి మరకలు. మేకుకు వేలాడుతున్న కొడుకు తువ్వాలు వైపు చూశాడు. పొయ్యి మీద చాయ్ పొంగిపోయింది.

"హెర్నియా అంటే పొత్తికడుపుల గదా" అన్నాడు మెల్లగా. తర్వాత లోపలి గది వైపు తిరిగి గొంతు పెంచాడు. "నా కొడుకు మొగోని లెక్క బరువు మోసిండని ఊరంత చెప్పుకున్న. ఆడోళ్ల రోగానికారా నువ్వు కోయించుకున్నది?"

"ఆడోళ్ల రోగం కాదు బాపూ, మొగపిల్లలకు అస్తది. డాక్టరే..." అంది మంజుల.

"నువ్వు నోర్ముయ్."

"పోనీ తమ్మీ, పోయింది గదా ఇగ" అంది కొండమ్మ. ఆమె నవ్వు ఎప్పుడో ఆగిపోయింది.

"ఇన్నొద్దులు నా ఇంట్ల ఇద్దరు ఆడివిల్లలున్నరన్నట్టు."

లోపలి తలుపు తెరుచుకుంది. దుప్పటి మెడదాకా పట్టుకుని నిలబడ్డాడు వీరేందర్. తండ్రి చేతిలోంచి తడి బనీను తీసుకుని మళ్లీ లోపలికి వెళ్లాడు. జిప్పు రెండుసార్లు ఇరుక్కున్న చప్పుడు వినిపించింది.

చొక్కా వేసుకుని బయటికొచ్చాడు. బనీను తడి అప్పుడే పైకి తేలుతోంది. పదేళ్లలో మొదటిసారి చొక్కా అతని ఛాతీ మీద తిన్నగా దిగింది. అది మంజుల ఒక్కతే చూసింది. సత్తయ్య గోడ వైపు ముఖం తిప్పుకున్నాడు.

మేకుకు తువ్వాలు అలాగే ఉంది. వీరేందర్ దాన్ని ముట్టుకోలేదు. చెప్పులేసుకుని, గడప దగ్గరి బ్రెడ్డు ప్యాకెట్లు పక్కకు జరిపి, వానలోకి దిగి వెళ్లిపోయాడు.