రెండు వందల పెట్రోలు

ఆ శుక్రవారం సాయంత్రం, కొల్లిపర ఇంకా మూడు కిలోమీటర్లు ఉందనగా ఉమాశంకర్ బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. రిజర్వు తిప్పాడు. పక్కకి వంచి ఊపాడు. ట్యాంకు మూత తీసి తొంగిచూస్తే అడుగున వాసన తప్ప ఏమీ లేదు.

సోమవారం పొద్దున రెండు వందలకి పెట్రోలు పోయిస్తే శనివారం ఇంటికి చేరేదాకా నడవాల్సిన బండి అది. ఏళ్ల తరబడి అలాగే నడిచింది. ఈమధ్య శనివారం సాయంత్రం ఆగడం మొదలుపెట్టింది, ఆ తర్వాత శనివారం పొద్దున, ఇప్పుడు శుక్రవారానికి దిగింది. నా పెట్రోలు ఎక్కడికి పోతోంది? బండి తోసుకుంటూ నడిచే మనిషికి లోకంలో ఇంతకన్నా పెద్ద ప్రశ్న ఉండదు. నమ్మకపోతే మీరూ ఒకసారి మూడు కిలోమీటర్లు తోసి చూడండి.

ఉమాశంకర్ బాపట్లలో ఒక ప్రైవేటు కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబు అసిస్టెంటు. కొల్లిపరలో ఇంటి దగ్గర నుంచి తెనాలి దాకా బండి మీద వచ్చి, స్టేషను ఎదురుగా ఉన్న స్టాండులో దాన్ని పెట్టి రైలెక్కుతాడు. ప్రయోగంలో పిల్లలు అర మిల్లీలీటరు ఎక్కువ వదిలితే ఊరుకోడు. ఏదైనా సంగతి తేలలేదంటే తేలేదాకా దాని వెంటపడతాడు. ఒక్క పెట్రోలు ధర విషయంలోనే అతనికి ఏ కుతూహలమూ లేదు. రైల్లో ఆ మాట వస్తే, ఎంత పెరిగితే నాకేంటి, నేనెప్పుడూ రెండొందలకే కొట్టిస్తాను అని నవ్వేసేవాడు. పెట్టెలో అందరూ నవ్వేవాళ్లు.

మర్నాడు రైల్లో తన గోడు చెప్పుకున్నాడు. ఎదురుగా కూర్చున్న నర్సు రత్నకుమారి నోరు తెరిచింది. ఆమె స్కూటరూ వారం తిరక్కుండానే ఆగిపోతోందట. విత్తనాల కొట్టులో పనిచేసే వీరబాబుదీ అదే కథ. ఉమాశంకర్ ల్యాబు బుర్ర చకచకా పనిచేసింది. మూడు బండ్లు, మూడు ఊళ్లు, మూడు బంకులు. మూడింటికీ ఉమ్మడిగా ఉన్నది ఆ స్టాండు ఒక్కటే. పొద్దస్తమానం ఆ స్టాండులో ఉండేది మార్కు ఒక్కడే.

మార్కుకి అరవై దాటాయి. ఇరవై ఏళ్లుగా ఆ స్టాండులో చీట్లు చింపుతున్నాడు. ఎండకి సీట్లు కాలకుండా వాటి మీద అట్టముక్కలు కప్పేవాడు. అందరూ బాబాయ్ అని పిలిచేవాళ్లు. అలాంటి మనిషా అని రత్నకుమారి సందేహించబోయింది. అంతలో వీరబాబు, తను కళ్లారా చూశానని, మార్కు వంగి ట్యాంకు కింద చెయ్యి పెట్టి ఏదో తిప్పుతున్నాడని చెప్పాడు. ఇంకేం కావాలి? బాపట్ల చేరేలోపు నేరం రుజువైపోయింది.

సాయంత్రం ముగ్గురూ స్టాండు యజమాని శేషగిరిరావు దగ్గరికి వెళ్లారు. బండ్లు తీసుకోవడానికి వచ్చినవాళ్లంతా మూగారు. మార్కుని పిలిచి అడిగితే, ట్యాంకు కింద చెయ్యి పెట్టిన మాట నిజమేనన్నాడు.

"పాత బండ్లకి పెట్రోలు చుక్క చుక్క కారిపోద్దండి. అది వేస్టవకూడదని నేనే ట్యాపు కట్టేస్తా బాబూ. ఇవాళ కాదు, ఎప్పట్నుంచో కట్టేస్తన్నా."

"ఎప్పట్నుంచో కడుతుంటే మరి ఇప్పుడెందుకు తగ్గుతోంది?" అని ఉమాశంకర్ నిలదీశాడు.

శేషగిరిరావుకి గిరాకీ పోతుందన్న బెంగ. చీట్ల పుస్తకం అక్కడ పెట్టి రేపట్నుంచి రావద్దని అందరి ముందూ చెప్పేశాడు. మార్కు పుస్తకం బల్లమీద పెట్టి, అన్నం క్యారేజీ తీసుకుని, ఎవరి మొహమూ చూడకుండా వెళ్లిపోయాడు.

సోమవారానికల్లా స్టాండులో యజమాని బామ్మర్ది కూర్చున్నాడు. ఉమాశంకర్ ఎప్పటిలాగే రెండు వందలకి పోయించుకుని, పరీక్ష ఫలితం కోసం చూసినట్టు శనివారం కోసం చూశాడు. శనివారం దాకా అక్కర్లేకపోయింది. శుక్రవారం సాయంత్రం, కిందటిసారి ఆగినచోటికి నాలుగడుగుల ముందే బండి మళ్లీ దగ్గి ఆగిపోయింది. ఈసారి అతనికి కోపం రాలేదు, భయం వేసింది.

ఆదివారం పొద్దున్నే కొల్లిపరలో మెకానిక్ బడే సాహెబ్ షెడ్డుకి వెళ్లి జరిగిందంతా చెప్పాడు. పెద్దాయన వింటూనే ఒక ఖాళీ సీసా చేతికిచ్చి, సరిగ్గా లీటరు పట్టుకు రమ్మన్నాడు. బంకులో అమ్మాయి అలవాటుగా ఎంతకండీ అంది. లీటరన్నాడు. పుట్టి బుద్ధెరిగి బంకులో అతను ఆ మాట అనడం అదే మొదటిసారి. వంద నోటిచ్చి చిల్లర కోసం చెయ్యి చాపాడు. ఆ అమ్మాయి నవ్వింది, ఇంకా మీరే ఇవ్వాలండి అంది.

ఉమాశంకర్ మీటరు వైపు చూశాడు. ఎప్పుడూ మొదట సున్నా చూసుకునేవాడు, చివర రెండు వందలు చూసుకునేవాడు. వాటి కిందే లీటర్ల గడి ఒకటుంది. ఇన్నేళ్లలో దానివైపు అతని కన్ను పోలేదు. ధర పెరుగుతోందని తెలుసు గాని, ఎంత దాకా వచ్చిందో ఎన్నడూ పట్టించుకోలేదు.

బడే సాహెబ్ ట్యాంకు గొట్టం ఊడదీసి, సీసాని హ్యాండిలుకి వేలాడదీసి, దాని గొట్టం ఇంజనుకి తగిలించాడు. ఆగేదాకా నడిపి రమ్మన్నాడు. తెనాలి రోడ్డు మీద అటూ ఇటూ తిరిగితే సీసా ఖాళీ అయ్యేసరికి అరవై రెండు కిలోమీటర్లు వచ్చింది. మూడేళ్ల కిందట ఇదే బండికి, ఇదే సీసాతో చూసినప్పుడూ అరవై రెండే వచ్చిందని బడే సాహెబ్ గుర్తుచేశాడు.

"బండి దొంగ కాదు, ఆ ముసలాయనా దొంగ కాదు. నువ్వు ఇన్నాళ్లూ పెట్రోలు కొన్లేదు నాయనా, రెండొందలు కొన్నావు. ఆ రెండొందలు అట్టాగే ఉంది. అందులో వచ్చే పెట్రోలే తగ్గిపోతా వచ్చింది."

ఉమాశంకర్‌కి తల కొట్టేసినట్టయింది. అన్నం కూడా తినకుండా తెనాలి వెళ్లి మార్కు ఇల్లు వెతుక్కున్నాడు. మార్కు అప్పుడే రేపల్లె నుంచి వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు. అక్కడి స్టాండులో పని అడగబోతే, తెనాలిలో పెట్రోలు తీసింది నువ్వేగా అన్నారట. మనిషికన్నా ముందే మాట రైలెక్కింది. కోడలు సరోజ లోపలి నుంచి మంచినీళ్లు తెచ్చిచ్చింది. ఉమాశంకర్ ఆ గ్లాసు పట్టుకునే సంగతంతా చెప్పాడు. తప్పు తనదేనన్నాడు.

మార్కు కోడలి వైపు చూశాడు.

"మిమ్మల్ని అనడానికి నాకు నోరు లేదు బాబూ. నెలంతా రావాల్సిన నూనె మా ఇంట్లో ఇరవయ్యో తారీకుకే అయిపోతంది. ఎప్పుడూ అయిదొందలకే తెచ్చేవాణ్ని గదా, ఏమైపోతందీ అని ఈ పిల్లని అడిగా. పుట్టింటికి పంపుతున్నావా అన్నా. ఈ పిల్ల మూడు రోజులు అన్నం ముట్టలేదండి. లారీల ఖర్చు పెరిగితే నూనె ధరా పెరుగుద్దని నాకు తట్టలేదు. బయటి నుంచి వచ్చిన పిల్ల ఈవిడే గదా అని ఈవిణ్నే అన్నా."

సరోజ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. ఉమాశంకర్ కళ్లలో నీళ్లు తిరిగాయి. యజమానితో తను మాట్లాడతానని, మళ్లీ పనిలోకి రమ్మని బతిమాలాడు.

"అందరి ముందు పొమ్మన్నారు. అందరి ముందే చెప్పండి, వస్తా" అన్నాడు మార్కు.

సోమవారం పొద్దున, బాపట్ల రైలు వచ్చే వేళకి స్టాండు కిటకిటలాడుతోంది. శేషగిరిరావు ఇదంతా ఎందుకండీ అని గొణిగాడు గాని, రత్నకుమారి, వీరబాబు కూడా వచ్చి నిలబడేసరికి చీట్ల పుస్తకం తీసి బల్లమీద పెట్టక తప్పలేదు. మార్కు గేటు దగ్గరే ఆగిపోయాడు. ఉమాశంకర్ అరుగెక్కి బండి ఆగిన సంగతీ, సీసా సంగతీ, ముగ్గురూ ఎప్పుడూ ఒకే మొత్తానికి పోయించుకుంటున్న సంగతీ ఏదీ దాచకుండా చెప్పాడు. మధ్యలో రైలు కూత వినిపించింది. కొందరు గడియారాలు చూసుకున్నారు. అతను ఆపలేదు, వాళ్లూ కదల్లేదు.

"మన పెట్రోలు మార్కు బాబాయ్ తియ్యలేదండి. ధర తీసింది. రోజుకిన్ని పైసలు చొప్పున మన కళ్ల ముందే తీసింది. అది ఎవరు పెంచారో, ఎందుకు పెంచారో మనం ఏనాడూ గట్టిగా అడగలేదు. అడగాలంటే భయం, బద్ధకం. ఈయన్ని అడగడానికి మాత్రం భయమెయ్యలేదు, ఎందుకంటే ఈయన తిరిగి మనల్ని ఏమీ అనలేడు."

అతను అరుగు దిగి, గేటు దాకా నడిచి, మార్కు రెండు చేతులూ పట్టుకున్నాడు. ఇది చదువుతున్న మీ ఇంట్లోనూ ఏదో ఒకటి నెల తిరక్కుండానే నిండుకుంటూ ఉండవచ్చు. ధర పెంచినవాళ్లని నిలదీయండి, నలుగురూ కలిసి నిలదీయండి, అంతేగాని ఎదురు చెప్పలేని మనిషిని దొంగను చెయ్యకండి.